పర్యాటక పటంలో మన చోటు ఎక్కడ?

1934లో అంబేడ్కర్ దాదాపు ముప్పై మంది తోటి కార్యకర్తలతో కలిసి దౌలతాబాద్ కోట చూడటానికి వెళ్లారు. అప్పట్లో ఆ కోట నిజాం రాజ్యంలో ఉండేది. దారిలో దుమ్ము కొట్టుకుపోయిన వాళ్లు కోట గుమ్మం దగ్గరున్న చెరువు నీళ్లతో ముఖం, కాళ్లు కడుక్కున్నారు. అంటరానివాళ్లు చెరువును మైల చేశారంటూ జనం పోగై గొడవకు దిగారు. చివరికి లోపల ఎక్కడా నీళ్లు ముట్టకూడదన్న షరతు పెట్టి, వెంట ఆయుధమున్న సిపాయిని కాపలా పంపి కోట చూడనిచ్చారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో అంబేడ్కర్ స్వయంగా రాసిన అనుభవం ఇది.

ఈ దేశంలో ఊరు చూడటం, గుడి చూడటం, కోట చూడటం అందరికీ ఒకేలా దక్కిన సంగతి కాదు. అందుకే పర్యాటకాన్ని మనం సెలవుల సరదాగా మాత్రమే చూడలేం.

అంకెలు చెప్పేది

కేంద్ర పర్యాటక శాఖ లెక్కల ప్రకారం 2023లో దేశీయ పర్యటనలు 250 కోట్లు దాటాయి. ఒక మనిషి ఎన్నిసార్లు వెళ్తే అన్ని పర్యటనలుగా లెక్కవేస్తారు కాబట్టి ఈ అంకె దేశ జనాభాను మించింది. అదే ఏడాది వచ్చిన విదేశీ పర్యాటకులు సుమారు 95 లక్షల మంది. అంటే భారత పర్యాటకాన్ని ప్రధానంగా నడిపిస్తున్నది తాజ్‌మహల్ చూడటానికి వచ్చే విదేశీయుడు కాదు, రైలెక్కి, బస్సెక్కి తిరిగే మన జనమే. వాళ్లలో పెద్ద భాగం తీర్థయాత్రలకు వెళ్లేవాళ్లు.

ప్రభుత్వం 2014-15లో స్వదేశ్ దర్శన్ పథకం తెచ్చి, పర్యాటక స్థలాలను కాలక్రమంలో 15 సర్క్యూట్లుగా విభజించింది. రామాయణ, కృష్ణ, బౌద్ధ, సూఫీ, తీర్థంకర, ఆధ్యాత్మిక, వారసత్వ, గిరిజన, గ్రామీణ, సముద్రతీర, ఎడారి, హిమాలయ, ఈశాన్య, పర్యావరణ, వన్యప్రాణి సర్క్యూట్లు అవి. ఈ 15 పేర్లలో కుల నిర్మూలన పోరాటానికి పేరు లేదు. అంబేడ్కర్ సర్క్యూట్ మాట తర్వాత విడిగా వచ్చింది. 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ నుంచి ఆ పేరుతో ఒక ప్రత్యేక పర్యాటక రైలు నడిపారు. అది మౌ, నాగపూర్‌లతో పాటు సాంచి, సారనాథ్, గయ వంటి బౌద్ధ క్షేత్రాలను కలిపింది.

మన జనం ఎప్పుడో వేసుకున్న దారి

ఆ రైలు రాకముందే మన సర్క్యూట్ ఉంది. 1956 అక్టోబర్ 14న అంబేడ్కర్ బౌద్ధం స్వీకరించిన నాగపూర్ దీక్షాభూమికి ఏటా లక్షల మంది వస్తారు. డిసెంబర్ 6న ముంబై చైత్యభూమికి, జనవరి 1న భీమా కోరేగావ్ స్తూపానికి, మార్చి 20న మహాడ్ చవదార్ చెరువుకు జనం తరలివెళ్తారు. జనరల్ బోగీల్లో వచ్చి, మైదానాల్లో పడుకుని, సొంత సద్దిమూట విప్పుకుని తినేవాళ్లే ఎక్కువ. తిరిగి వెళ్లేటప్పుడు వాళ్ల సంచుల్లో బుద్ధుడి బొమ్మతో పాటు పుస్తకాలు ఉంటాయి. ఇంతమంది పుస్తకాలు కొనుక్కుని వెళ్లే యాత్రలు దేశంలో ఎన్ని ఉన్నాయి?

స్థలం ప్రసిద్ధి కావడం ఒకటి, దాని మీద అధికారం ఎవరిదన్నది మరొకటి. బుద్ధగయ మహాబోధి ఆలయం 2002 నుంచి ప్రపంచ వారసత్వ కట్టడం. కానీ 1949 నాటి చట్టం ప్రకారం దాన్ని నడిపే కమిటీలో బౌద్ధులు నలుగురు, హిందువులు నలుగురు. అధ్యక్షుడు జిల్లా మేజిస్ట్రేట్. ఈ చట్టాన్ని రద్దు చేసి ఆలయాన్ని బౌద్ధులకే అప్పగించాలని 2025లో భిక్షువులు దీక్షలకు కూర్చున్నారు. టికెట్ కొని చూసి వచ్చేవారికి కనిపించని ప్రశ్న అది.

తెలుగు నేల మీద

మన దగ్గరా బౌద్ధ పర్యాటకానికి ప్రచారం ఉంది. అమరావతి, నాగార్జునకొండ, బొజ్జన్నకొండ, తొట్లకొండ, శాలిహుండం చూడదగ్గవే. నాగార్జునసాగర్ దగ్గర 2022లో బుద్ధవనం తెరిచారు. అమరావతి శిల్పాల్లో చాలా భాగం చెన్నై, లండన్ మ్యూజియంలలో ఉన్నాయి. హైదరాబాద్‌లో 2023లో, విజయవాడలో 2024లో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాలు లేచాయి. వాటి కింద సెల్ఫీలు తీసుకునే యువత చుండూరు కూడా వెళ్లాలి. 1991 ఆగస్టు 6న చంపబడిన దళితులను ఊరి మధ్యే ఖననం చేసి, ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. అది విహార స్థలం కాదు, కానీ చూడకుండా ఈ నేల చరిత్ర తెలియదు.

గిరిజన పర్యాటకం పేరుతో జరిగేదీ గమనించాలి. అరకులో ధింసా నృత్యాన్ని వినోదంగా చూస్తాం. అక్కడి బొర్రా పరిసర గ్రామాల భూములను గనుల లీజుల నుంచి కాపాడుకోవడానికి ఆదివాసీలు సాగించిన న్యాయపోరాటమే 1997 సమతా తీర్పుకు దారితీసింది. ఆ సంగతి ఎంతమంది పర్యాటకులకు తెలుసు?

ఎక్కడికి వెళ్లినా మనం మూడు ప్రశ్నలు అడుగుదాం. ఇక్కడ చెబుతున్న కథ ఎవరిది? హోటల్, దుకాణం, పార్కింగ్ కాంట్రాక్టు ఎవరి చేతిలో ఉన్నాయి? యాత్రికులు వెళ్లిపోయాక చెత్త ఎత్తేది ఎవరు? మూడో ప్రశ్నకు జవాబు చాలాచోట్ల మన వాడల్లోనే దొరుకుతుంది. మొదటి రెండింటికి కూడా అక్కడే దొరికేలా చేసుకోవడం మన పని. ప్రతి కాలేజీ విద్యార్థి సంఘం తన జిల్లాలోని ఇలాంటి స్థలాల జాబితా రాసి, ఏటా ఒక యాత్ర పెట్టుకున్నా చాలు. పటం గీయడం అక్కడ మొదలవుతుంది.