ఊరి పైసల తాళం ఒక్కరి చేతిలనే ఉంటే

“గాయన అసుంటోడు కాదు, ఒక్క పైసా ముట్టడు.” ఊర్ల ఎవలన్న లెక్కలు అడిగితే ముందుగాల వినపడే మాట ఇదే. ఆ మాట నేను గూడ చానా సార్లు అన్న. కొందరి విషయంల నిజమే కావచ్చు. కానీ నిజమా కాదా అని ఎట్ల తెలుస్తది? లెక్క చూస్తెనే తెలుస్తది. మొఖం చూస్తె తెల్వదు.

ఇయ్యాల చెప్పే ముచ్చట మన దేశంది కాదు. అమెరికాల ఇల్లినాయ్ రాష్ట్రంల డిక్సన్ అని ఒక చిన్న టౌన్ ఉన్నది. జనాభా 16 వేలకు అటుఇటు. మన దగ్గర ఒక పెద్ద మండల కేంద్రమంత. అమెరికా అధ్యక్షుడైన రొనాల్డ్ రీగన్ చిన్నప్పుడు పెరిగిన ఊరు. గా ఊరి ఖజానా నుంచి ఒక్క ఉద్యోగి, ఒక్కతే, 21 ఏండ్లకు పైన తీసుకున్న సొమ్ము 5 కోట్ల 37 లక్షల డాలర్లు. అప్పటి డాలర్ 54 రూపాయలు అనుకుంటే 290 కోట్ల రూపాయలు. పసిపిల్లల నుంచి ముసలోల్ల దాకా తలా ఇంత అని పంచితే మనిషికి 3,300 డాలర్ల పైనే పడుతది.

అమెరికాల ఒక టౌన్ మున్సిపాలిటీల జరిగిన పెద్ద దొంగతనాలల్ల ఇది ఒకటి. దొంగ రాత్రిపూట గోడ దుంకి రాలే. పొద్దుగాల ఆఫీసుకు వచ్చి, అందరికి నమస్తే పెట్టి, కుర్చీల కూసొని చేసింది.

ఎవలామె?

పేరు రీటా క్రండ్‌వెల్. 1970ల, ఇంక బడిల సదువుకుంటున్నప్పుడే, టౌన్ ఆఫీసుల చిన్న పనికి చేరింది. 1983ల ఊరి ఖజానా, లెక్కల బాధ్యత అంత ఆమెకే అప్పజెప్పిండ్రు. మేయర్, కమిషనర్లు ఉన్నరు గని వాళ్లకు ఆ పని పార్ట్ టైమే. ఎవల దుకాణం వాళ్లది, ఎవల కొలువు వాళ్లది. పద్దులు కూసొని చూసే తీరిక ఎవలకు లేకుండె. “రీటాకు తెలుసు, రీటా చూసుకుంటది” అని ఇడిశిపెట్టిండ్రు. ఒక కమిషనర్ పదవి దిగిపోతా ఆమెను మెచ్చుకున్నడు. ఊరి పన్ను పైసను సొంత పైస లెక్క చూసుకుంటదని అన్నడు. పాపం, ఆయన అన్నది ఇంకో తీరుగ నిజమయ్యింది.

ఆమె జీతం ఏడాదికి 80 వేల డాలర్లు. గా జీతం ఒక్క డాలర్ ఖర్చు పెట్టకుండ దాస్తె 5 కోట్ల 37 లక్షలు కావాల్నంటే 670 ఏండ్లు పడుతది. కానీ ఆమెకు దగ్గర దగ్గర 400 మేలుజాతి గుర్రాలు ఉండె. గుర్రాల పోటీలల్ల దేశంల ఏటేటా ఆమెదే పైచెయ్యి. 20 లక్షల డాలర్ల పైన విలువున్న బస్సు, అంటే నడిచే ఇల్లే అనుకోండ్రి, కార్లు, నగలు, ఇండ్లు. ఇయ్యన్ని ఎవలకూ కనపడకుండ దాచిపెట్టలే. అందరు చూసిండ్రు. చూసి, “గుర్రాల వ్యాపారం మంచిగ నడుస్తున్నది” అనుకున్నరు. నిజానికి గుర్రాలు ఆమెను సాకలే, ఊరే ఆమె గుర్రాలను సాకింది.

పైసలు ఎట్ల పోయినయ్?

గిది జర నిమ్మలంగ సదువుండ్రి. ఎందుకంటే ఇండ్ల పెద్ద తెలివితేటలు ఏం లేవు. చానా సాదా పద్ధతి.

1990 డిసెంబర్ 18 నాడు ఆమె బ్యాంకుల ఒక కొత్త ఖాతా తెరిచింది. టౌన్ పేరు మీదనే తెరిచింది, ఆర్‌ఎస్‌సీడీఏ అని పొడి అక్షరాల పేరు పెట్టింది. వింటే మోరీల పనుల కోసం పెట్టిన సర్కారు నిధి లెక్క వినపడుతది. కానీ గా ఖాతా ఉన్నదన్న సంగతి ఆఫీసుల ఆమెకు తప్ప ఎవలకు తెల్వది.

ఊరికి పన్నుల పైసలు, రాష్ట్రం ఇచ్చే వాటా వేరే వేరే ఖాతాలల్ల పడుతయి. ఆమె వాటిని అభివృద్ధి పనుల ఖాతాలకు మలిపేది. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మలుపుడు ఆమె రోజువారి పనే, అనుమానం రాదు. తర్వాత గా అభివృద్ధి ఖాతా నుంచి “ట్రెజరర్” పేరు మీద చెక్కు రాసేది. ట్రెజరర్ ఎవలు? ఆమెనే. గా చెక్కును తీస్కపోయి దొంగ ఖాతాల ఏసేది. ఆడికెళ్లి గుర్రాలకు, నగలకు, సొంత ఖర్చులకు.

మరి ఆడిట్ వాళ్లు అడిగితే? దానికి దొంగ బిల్లులు తయారు చేసింది. ఫలానా పనికి రాష్ట్ర ప్రభుత్వానికి ఇన్ని పైసలు కట్టినం అని చూపిచ్చే బిల్లులు. గసుంటివి చానా బయటపడ్డయి. రాష్ట్రంల గా శాఖకు ఒక్క ఫోన్ కొట్టి “ఈ బిల్లు మీదేనా?” అని అడిగితే మొదటిదానికే కథ ఒడిసిపోవు. ఎవలూ కొట్టలే.

సగటున ఏడాదికి 25 లక్షల డాలర్లు పోయినయి. ఒక్క 2008లనే 58 లక్షలు. ఊరి ఖజానాల పైసలు తక్కువ పడుతున్నయి కదా, మరి సభల ఏం చెప్పింది? “రాష్ట్రం నుంచి రావాల్సిన వాటా లేటైతున్నది” అని చెప్పింది. ఇల్లినాయ్ రాష్ట్రం గప్పుడు నిజంగనే పైసలు లేటుగ ఇస్తుండె. అందుకే అందరు నమ్మిండ్రు. సగం నిజం కలిపిన అబద్ధం లెక్క గట్టిగ నిలబడేది ఇంకోటి ఉండదు.

రోడ్లకు రిపేర్లు ఆగినయి. పోలీసులు పాత రేడియోలు మార్చుమంటే పైసలు లేవన్నరు. “ఖర్చు తగ్గించుకోండ్రి” అని సభల గట్టిగ చెప్పింది ఎవలో తెలుసా? రీటానే.

ఇన్నేండ్లు ఎందుకు దొరకలే?

మన దగ్గర పెండ్లిల కట్నాలు సదివించే కాడ చూడుండ్రి. పుస్తకంల పేరు రాసేటాయన ఒకడు, పైసలు పట్టేటాయన ఇంకొకడు. ఇద్దరు సుట్టాలే, ఇద్దరి మీద నమ్మకమే. అయినా ఒక్కరికే రెండు పనులు ఇయ్యం. తెల్లారి పుస్తకంల లెక్క, సంచిల పైసలు కలుస్తున్నయా లేదా అని ఇంటి పెద్ద చూసుకుంటడు. ఎవలు దీన్ని అవమానం అనుకోరు.

డిక్సన్‌ల గీ పెండ్లి తెలివి లేకుండె. పైసలు మలిపేది ఆమెనే, పద్దు రాసేది ఆమెనే, బ్యాంకు కాగితాలు చూసేది ఆమెనే, ఆడిట్ వాళ్లకు జవాబు చెప్పేది ఆమెనే. ఆఖరికి పోస్టాఫీసు నుంచి ఉత్తరాలు తెచ్చేది గూడ ఆమెనే. తాను లేనినాడు సుట్టాలతోనో, ఆఫీసుల ఇంకొకరితోనో తెప్పిచ్చేది. గా దొంగ ఖాతా కవర్లు పక్కకు తీసి పెట్టుమనేది. గంత పెద్ద దొంగతనానికి కాపలా ఏంది? ఒక పోస్టు కవర్.

ఆడిట్ ఏటేటా అయ్యింది. ఏటేటా “అంత మంచిగనే ఉన్నది” అని కాగితం వచ్చింది. కాగితం మీద కాగితం పెట్టి చూసిండ్రు గని, కాగితం ఎనుక పని జరిగిందా లేదా చూడలే. గిది మనం గుర్తు పెట్టుకోవాల్సిన మాట: ఆడిట్ అయ్యిందంటే తప్పు లేదని కాదు, ఆడిట్ చేసినోల్లకు కనపడలే అని మాత్రమే.

ఎవలు పట్టుకున్నరు?

పెద్ద ఆఫీసర్లు కాదు, ఆడిట్ కంపెనీ కాదు, బ్యాంకు కాదు. అదే ఆఫీసుల పనిచేసే క్లర్క్ కేథీ స్వాన్సన్.

2011 చలికాలానికి ముందు రీటా గుర్రాల పోటీల కోసం లాంగ్ లీవు పెట్టి పోయింది. ఆమె పని కేథీ చూడాల్సి వచ్చింది. నెల లెక్క రాయనీకి బ్యాంకుకు ఫోన్ చేసి, ఊరి పేరు మీద ఉన్న అన్ని ఖాతాల స్టేట్‌మెంట్లు పంపుమన్నది. “అన్ని” అన్న ఒక్క మాటతోని 20 ఏండ్ల గుట్టు బయటపడ్డది. ఎన్నడూ చూడని ఖాతా ఒకటి వచ్చింది. ఒక్క సెప్టెంబర్ నెలలనే అండ్ల 7 లక్షల 85 వేల డాలర్లు పడ్డయి. అందులకెళ్లి పోయిన ఖర్చులకు, ఊరి పనులకు సంబంధమే లేదు.

కేథీ గా కాగితం మేయర్ జిమ్ బర్క్‌కు చూపెట్టింది. ఆయన ఎఫ్‌బీఐకి చెప్పిండు. వాళ్లు ఇంక ఆధారాలు కావాలె, అప్పటిదాక నోరు ఇప్పొద్దన్నరు. దగ్గర దగ్గర ఆరు నెలలు వాళ్లిద్దరు ఏమెరుగనట్టు రీటాతోని పనిచేసిండ్రు. కండ్ల ముంగట పైసలు పోతున్నా సప్పుడు చేయకుండ ఉండుడు ఎంత కష్టమో ఆలోచించుండ్రి. 2012 ఏప్రిల్ 17 నాడు అరెస్టు చేసిండ్రు. అదే ఏడాది నవంబర్ల ఆమె తప్పు ఒప్పుకున్నది. 2013 ఫిబ్రవరి 14 నాడు కోర్టు 19 ఏండ్ల 7 నెలల జైలు ఏసింది.

గుర్రాలు, ఇండ్లు, నగలు వేలం ఏసిండ్రు. ఊరోల్లు ఆడిట్ చేసినోల్ల మీద, బ్యాంకు మీద గూడ కేసు ఏసి 4 కోట్ల డాలర్లకు రాజీ చేసుకున్నరు. అండ్ల వకీళ్ల వాటా పెద్దగనే పోయింది. ఈ తర్వాత ఓట్లేసి పాలన తీరే మార్చుకున్నరు, పూర్తికాలం పనిచేసే మేనేజర్‌ను పెట్టుకున్నరు. రీటా మాత్రం 2021లనే జైలు నుంచి ఇంటి నిర్బంధానికి వచ్చింది. 2024 డిసెంబర్ల అప్పటి అధ్యక్షుడు బైడెన్ దాదాపు 1,500 మందికి శిక్ష తగ్గిస్తే, గండ్ల ఆమె పేరు గూడ ఉన్నది. డిక్సన్ జనానికి కడుపు మండింది. మండదా మరి?

ఇగ మన ఊరి సంగతి

ఒక ముచ్చట ఒప్పుకోవాలె. కొన్నేండ్ల కింద మా దగ్గర గ్రామసభల ఒక పిలగాడు లేచి “మోరీల మట్టి తీసిన బిల్లు ఎంత?” అని అడిగిండు. సభల పెద్దమనుషులు “ఏందిరా, గాయన మీద నమ్మకం లేదా?” అని మీదికి లేచిండ్రు. నేను ఆడనే ఉన్న. పిలగాని పక్క మాట్లాడాల్సినోన్ని, “సరే తియ్, తర్వాత చూద్దాం” అని కూసోబెట్టిన. గా బిల్లుల తప్పు ఉన్నదో లేదో నాకు ఇప్పటికీ తెల్వది. తెల్వకపోవుడే నా తప్పు. గా పిలగాడు మళ్ల ఏ గ్రామసభకు రాలే. డిక్సన్ కథ సదివినప్పుడల్లా నాకు గా పిలగాని మొఖమే యాదికొస్తది.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, లెక్క అడుగుడు అంటే దొంగ అనుడు కాదు. నిజాయితీగ పనిచేసే సెక్రటరీకి, సర్పంచ్‌కు లెక్క అడిగేటోడే రక్షణ. రేపు ఎవలన్న నింద ఏస్తే “అగో, ఊరందరి ముంగట చూపెట్టిన” అనొచ్చు.

మన చేతిల ఏమున్నయో చూడుండ్రి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం తెలంగాణల చెక్కు మీద సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరి సంతకాలు ఉండాలె. రాసేది ఒకరు, పట్టేది ఒకరు అన్న పెండ్లి సూత్రమే ఇది. కానీ ఉత్త చెక్కుల మీద ముందుగాలనే సంతకాలు పెట్టిచ్చి పెడితే రెండో సంతకానికి ఇలువ లేదు. గదే చట్టం గ్రామసభ రెండు నెలలకు ఒకసారి పెట్టుమంటది. కేంద్రం పెట్టిన ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌ల మీ పంచాయతీ పేరు కొడితే ఏ పనికి ఎంత చెల్లించిండ్రో కనపడుతది. రీల్సు చూసే ఫోన్‌లనే చూడొచ్చు. ఇంక వివరం కావాల్నంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టుండ్రి. ఊరి స్థాయిల ఫీజు లేదు, మండలంల 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె.

అడిగేటప్పుడు కేథీ అడిగినట్టు అడుగుండ్రి. “పంచాయతీ పేరు మీద ఉన్న అన్ని బ్యాంకు ఖాతాలు, అన్నిటి స్టేట్‌మెంట్లు” అని రాయుండ్రి. “అన్ని” అన్న మాట మర్చిపోవద్దు. కాగితం చేతికొచ్చినంక దాన్ని పట్టుకొని వాడల నడువుండ్రి. బిల్లుల రాసిన మోరీ ఉన్నదా, రాసిన లైటు ఎలుగుతున్నదా, మన కండ్లతోని చూసుకుందాం. ఒక్కలే పోకుండ్రి, నలుగురు కలిసి పోండ్రి.

ఈసారి గ్రామసభల ఎవలన్న పిలగాడు లేచి లెక్క అడిగితే, నేను గూడ వాని పక్కన లేచి నిలబడుత. మీరు గూడ నిలబడుండ్రి.