బీరువా మీది పెండ్లి క్యాసెట్టుకు ఒక సొంత ఇల్లు కావాలె

మన ఊర్లల్ల ఏ ఇంటికి పోయినా బీరువా మీదనో, సజ్జ మీదనో ప్లాస్టిక్ కవర్ల చుట్టిపెట్టిన పెండ్లి క్యాసెట్టు ఒకటి దొరుకుతది. అమ్మానాయినల పెండ్లిది. అండ్ల తాత ఉంటడు, మేనత్త ఉంటది, ఇప్పుడు లేని యాపచెట్టు ఉంటది. కని దాన్ని చూసే వీసీఆర్ ఏ ఇంట్ల లేదు. తర్వాత అక్క పెండ్లికి డీవీడీ ఇచ్చిన్రు, దానికి గీతలు పడ్డయి. మొన్న తమ్ముని పెండ్లికి పెన్‌డ్రైవ్ ఇచ్చిన్రు, అది ఎవ్వరి జేబుల ఉన్నదో ఎరుకలేదు.

మా ఇంట్ల ఇంతకన్న ఎక్కువనే పోయింది. మా తాత ఒగ్గుకథ చెప్తుంటె రెండు గంటలు ఫోన్ల రికార్డు చేసిన. ఇంకో దగ్గర కాపీ పెట్టాలె అనుకుంట అనుకుంటనే ఏడాది గడిపిన. ఫోన్ బాయిల పడ్డది. రిపేరు షాపాయన బోర్డు కాలిపోయింది, ఏం రాదన్నడు. అప్పటికే తాత లేడు. ఆ గొంతు మళ్ల వినపడది.

ఆ తర్వాతనే ఇంట్ల ఒక పాత కంప్యూటరును మీడియా సర్వర్ చేసుకున్న. ఇది పట్నపోళ్లు సోకుకు చేసుకునే పని అనుకుంటరు చానమంది. కాదు. ఊర్లె ఉండేటోళ్లకే ఇది ఎక్కువ అవసరం. ఎందుకో, ఎట్లనో చెప్త.

కిరాయి ఇల్లు, సొంత ఇల్లు

మన ఫొటోలు, వీడియోలు ఇయ్యాల ఏడున్నయి? సగం వాట్సాప్‌ల, సగం గూగుల్‌ల. గూగుల్ ఫ్రీగ ఇచ్చేది 15 జీబీ. 2021 జూన్ నుంచి గూగుల్ ఫొటోస్‌ల కొత్తగ ఎక్కించేటియి గూడ ఆ లెక్కలనే పడుతున్నయి. ఫోన్ల ఫుల్ హెచ్‌డీల తీసిన వీడియో నిమిషానికి ఇంచుమించు 100 ఎంబీ తింటది. అంటె రెండున్నర గంటల పెండ్లి వీడియోకే ఆ 15 జీబీ ఒడిసిపోతది. ఇగ అటెన్క నెలనెలా పైసలు. కట్టినన్ని రోజులే జాగ ఉంటది.

మన సొంత కంప్యూటర్ల పెట్టుకున్నా, నడిపే సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతుల ఉంటె గిదే కత. ప్లెక్స్ అనే మీడియా సర్వర్ మస్తు పేరున్నది. మన ఇంట్ల పెట్టిన మన వీడియోను బయటి నుంచి చూసుడు అండ్ల మొదట్ల ఫ్రీగ ఉండె. 2025 ఏప్రిల్ నుంచి దానికి పైసలు కట్టాలన్నరు. వాళ్ల వ్యాపారం వాళ్లది, తప్పు పట్టేదేం లేదు. కని కిరాయి ఇంటికి, సొంత ఇంటికి ఫరక్ ఏందో దీంతోని తెలుస్తది.

అసలు ఇది ఏంది?

రెండు తీర్ల పనులున్నయి. ఒకటి, కంప్యూటరును హెచ్‌డీఎంఐ కేబుల్‌తోని నేరుగ టీవీకి పెట్టుడు. అప్పుడు కంప్యూటరే టీవీల బొమ్మ చూపెడ్తది. దీన్నే హోమ్ థియేటర్ పీసీ అంటరు. రెండోది మీడియా సర్వర్. ఇది ఒక మూలకు కూసుంటది, వీడియోలన్నీ దాని కడుపుల ఉంటయి. ఇంట్ల టీవీ అడిగినా, ఫోన్ అడిగినా రూటర్ ద్వారా పంపిస్తది. ఒక్క పెట్టెతోనే రెండు పనులు చేయించుకోవచ్చు.

ఇండ్ల ముఖ్యమైన ముచ్చట ఒకటున్నది. ఇంట్ల చూసుకోనీకి ఇంటర్నెట్ అక్కర్లేదు. డేటా ప్యాక్ ఒడిసినా, కేబుల్ నెట్టు రెండు రోజులు బందయినా, రూటర్ ఆన్‌ల ఉంటె సాలు. వీడియో ఈ అర్రల నుంచి ఆ అర్రలకే పోతది. సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు ఒక్కసారి నెట్టు ఉంటె సరిపోతది.

పాత కంప్యూటరే సాలు

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మామూలు సపోర్టు ఆగిపోయింది. ఇంటెల్ 8వ తరం కన్న పాత ప్రాసెసర్లకు, కొన్ని తప్ప, విండోస్ 11 అధికారికంగ రాదు. అందుకే ఆఫీసులు మంచిగ నడిచే కంప్యూటర్లను అమ్ముకుంటున్నయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌ల చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే అందరు సీటీసీ అనేది, అసొంటి దగ్గర పుస్తకమంత సైజుల ఉండే ఆఫీసు మినీ కంప్యూటర్లు సెకండ్ హ్యాండ్‌ల దొరుకుతయి. విండోస్‌కు పనికిరానిది మనకు పనికొస్తది. ఎందుకంటె మనం ఎక్కించేది లినక్స్.

కొనేటప్పుడు చూడాల్సింది ప్రాసెసర్ నంబరు. ఐ5-7500 అంటె ముందటి 7 అనేది తరం. 6వ తరం ఇంటెల్‌లనే హెచ్‌ఈవీసీ వీడియోలు విప్పే శక్తి ఉన్నది. ఇప్పటి ఫోన్లు చాన ఈ పద్ధతిలనే వీడియో దాస్తయి. 7వ తరం అయితె 10 బిట్ రంగుల వీడియో గూడ విప్పుతది. వీలైతే 7 గని ఆపైన గని తీసుకోండ్రి. నంబరు చివర ఎఫ్ అని ఉంటె దాంట్ల బొమ్మ చూపే భాగం ఉండది, అది వద్దు. ర్యామ్ 8 జీబీ ఉంటె హాయిగ నడుస్తది.

ఒక్క షరతు. కంప్యూటర్ పాతది కొన్నా సరే, హార్డ్‌డిస్క్ మాత్రం కొత్తది కొనాలె. కంప్యూటర్ కాలిపోతె ఇంకోటి వస్తది. డిస్క్ పోతె తాత గొంతు పోతది.

వీడియో ఎందుకు ఆగి ఆగి వస్తది?

కొత్తగ పెట్టినోళ్లు అందరు అడిగేది ఇదే. ప్రతి టీవీకి కొన్ని రకాల వీడియోలే తెలుసు. తెలిసిన రకమైతె సర్వర్ ఉన్నదున్నట్టు పంపిస్తది, దానికి పెద్ద కష్టముండది. తెలియని రకమైతె సర్వర్ అప్పటికప్పుడు వేరే రకంల మార్చి పంపాలె. దీన్ని ట్రాన్స్‌కోడింగ్ అంటరు. ఒక భాష రానోనికి పక్కన కూసొని తర్జుమా చేసి చెప్పినట్టు. ఆ పని ఉత్త ప్రాసెసర్ మీదనే పడితె ఫ్యాన్ మొత్తుకుంటది, బొమ్మ ఆగుతది. ఇంటెల్ చిప్పులల్ల దీనికోసమే క్విక్ సింక్ అనే భాగం ఉంటది. సర్వర్ సెట్టింగ్‌లల్ల దాన్ని ఆన్ చేస్తే సగం బాధ పోతది.

మిగతా సగం వైఫైది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటుతది గని జోరు తక్కువ. 5 గిగాహెర్ట్జ్ జోరుగ పోతది గని గోడ అడ్డమొస్తె నీరసపడ్తది. అందుకే సర్వర్‌ను రూటర్ పక్కనే పెట్టి లాన్ కేబుల్‌తోని కలపాలె. వైఫై మీద ఒక్క టీవీనే ఉంటె చాన ఫరక్ కనిపిస్తది.

సాఫ్ట్‌వేర్ ముచ్చట

కంప్యూటరుకు డెబియన్ గని ఉబుంటు గని ఎక్కించుండ్రి. రెండూ ఫ్రీ. దాని మీద జెల్లీఫిన్ ఎక్కించాలె. దీని పుట్టుక కత బాగుంటది. ఎంబీ అని ఒక మీడియా సర్వర్ ఉండె. దాని కోడ్ అందరికి తెరిచి ఉండేది. 2018ల వాళ్లు తలుపు మూసుకున్నరు. అదే ఏడాది డిసెంబర్‌ల కొంతమంది అంతకుముందు తెరిచి ఉన్న కోడ్ తీసుకొని జెల్లీఫిన్ మొదలువెట్టిన్రు. నెల కిస్తీ లేదు, మన లెక్కలు చూసే కంపెనీ లేదు.

ఎక్కించినంక అదే వైఫై మీదున్న ఫోన్ల బ్రౌజర్ తెరిచి, సర్వర్ ఐపీ అడ్రసు కొట్టి, పక్కన కోలన్ పెట్టి 8096 అని కొడితె పేజీ తెరుచుకుంటది. ఆండ్రాయిడ్ టీవీలకు, ఎల్‌జీ టీవీలకు దీని యాప్ ఉన్నది. మీది పాత టీవీ అయితె హెచ్‌డీఎంఐ పెట్టి కంప్యూటర్ల కోడి నడిపించుండ్రి. కోడి 2002ల ఎక్స్‌బాక్స్ గేమ్ పెట్టె కోసం మొదలైంది, 2014ల ఈ పేరు పెట్టుకున్నది. రిమోట్‌తోని నడుపుకునేటట్టు చేసిన్రు, ఇంట్ల పెద్దోళ్లకు గూడ అలకగ అలవాటైతది.

ఇంటి వీడియోలను సినిమాల ఫోల్డర్ల వెయ్యకుండ్రి. జెల్లీఫిన్ పేరును చూసి, అక్క పెండ్లికి ఏదో సినిమా పోస్టర్ తెచ్చి అంటిస్తది. ఇంటి వీడియోలు, ఫొటోలు అని వేరే లైబ్రరీ రకం ఉంటది, అది ఎంచుకోవాలె. ఫైలు పేరు ముందట ఏడాది, నెల, తారీఖు పెట్టండ్రి. అప్పుడు అన్ని వరుసల నిలబడ్తయి, ఇరవై ఏండ్లకైనా దేవులాడే పని పడది.

కరెంటు లెక్క

సర్వర్ అంటె 24 గంటలు నడవాలె, బిల్లు పేలిపోతదని భయపడ్తరు. లెక్క చేద్దాం. 70 వాట్లు తాగే పాత డెస్క్‌టాప్ రోజంతా నడిస్తె నెలకు 50 యూనిట్లు అయితయి. 15 వాట్ల మినీ కంప్యూటర్ అయితె నెలంతా నడిచినా 11 యూనిట్ల లోపట్నే. ఆ పెద్ద డెస్క్‌టాప్‌నే మాపటికి నాలుగు గంటలు నడిపిస్తె నెలకు 9 యూనిట్లు గూడ దాటవు. ఇంటి సర్వర్ రాత్రంతా మేల్కొని ఉండాలని ఏ రూల్ లేదు.

బిల్లు కన్న భయపడాల్సింది కరెంటు ఉన్నట్టుండి పోవుడు. డిస్క్ రాస్తున్నప్పుడు కరెంటు పోతె ఫైళ్లు పాడైతయి. చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోండ్రి, కంప్యూటరును సక్కగ బంద్ చేసేటంత టైము ఇస్తది. ఉరుములు, మెరుపుల రోజు ప్లగ్గులు పీకేసుడే మంచిది, లాన్ కేబుల్‌తో సహా.

ఒక్క కాపీ అంటె కాపీ లేనట్టే

సర్వర్ పెట్టినం, అండ్ల వేసినం, అయిపోయింది అనుకుంటె మళ్ల నా ఫోన్ కతనే అయితది. ప్రతి హార్డ్‌డిస్క్ ఒకరోజు సస్తది. అందుకే మూడు కాపీలు ఉండాలె. ఒకటి సర్వర్ల, ఒకటి వేరే హార్డ్‌డిస్క్‌ల, ఒకటి వేరే ఇంట్ల. రెండు డిస్కులు ఒకదానికొకటి అద్దం లెక్క నడిచే రెయిడ్ అనే పద్ధతి ఉన్నది గని, అది బ్యాకప్ కాదు. తప్పున ఫైల్ డిలీట్ చేస్తె రెండింట్ల ఒకేసారి పోతది.

మూడో కాపీకి మన దగ్గర మంచి ఉపాయం ఉన్నది. మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు ఎన్నో ఇండ్లల్ల నాయిననో అన్ననో గల్ఫ్‌ల ఉంటడు. సెలవుకు వచ్చి పోయేటప్పుడు ఒక చిన్న హార్డ్‌డిస్క్‌ల అన్ని ఎక్కించి ఇయ్యుండ్రి. ఆయన పోలేకపోయిన బిడ్డ పెండ్లిని అక్కడ సూసుకుంటడు. మన మూడో కాపీ సముద్రం అవతల పదిలంగ ఉంటది. మళ్ల వచ్చినప్పుడు కొత్తయి ఎక్కించాలె.

ఇంటి బయటి నుంచి చూడాలని రూటర్ల పోర్టులు తెరిచి సర్వర్‌ను ఇంటర్నెట్ మీద పెట్టకుండ్రి. మనం తెరిచిన తలుపుల నుంచి మనోళ్లే రారు.

ఏం నింపాలె?

చానమంది సర్వర్ అనంగనే టెలిగ్రామ్‌ల దొరికే దొంగ ప్రింట్లతోని నింపుతరు. అది చట్టం ఒప్పని పని. 2023ల సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, సినిమాను దొంగచాటుగ రికార్డు చేసేటోళ్లకు కనీసం 3 నెలల జైలు, 3 లక్షల జరిమానా పెట్టిన్రు. ఆ సంగతి పక్కన పెట్టినా, ఆ సినిమాలు పోతె మళ్ల ఏడనో దొరుకుతయి. మన ఇంటి వీడియో ఇంకెక్కడ దొరకది.

కాబట్టి మొదలు క్యాసెట్టు. నడిచే వీసీఆర్ ఎవ్వరి దగ్గరన్న ఉంటె, ఒక యూఎస్‌బీ క్యాప్చర్ పెట్టెతోని కంప్యూటర్లకు ఎక్కించొచ్చు. మూడు గంటల క్యాసెట్టు ఎక్కనీకి మూడు గంటలు పడ్తది, ముందుకు ఉరికిచ్చుడు కుదరది. డీవీడీ క్వాలిటీల 7 జీబీ దాకా అయితది. టేపు మీద బూజు తెల్లగ కనిపిస్తె ఆడించకుండ్రి, టేపూ పాడైతది, మిషనూ పాడైతది. తెలిసినోళ్లకు ఇయ్యుండ్రి. బూజు ఏటేటా పెరిగేదే గని తగ్గేది కాదు.

తర్వాత ఊరిది. బతుకమ్మ ఆడుతుంటె అవ్వలు పాడే పాటలు, ఒగ్గుకథలు, మీ బడి పంద్రాగస్టు. పాడినోళ్లను అడిగి, వాళ్ల పేరు, తారీఖు రాసి పెట్టుండ్రి. ఇంక జాగ మిగిలితె కివిక్స్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తోని వికీపీడియాను ఆఫ్‌లైన్‌ల పెట్టుకోవచ్చు. ఇంట్ల చదువుకునే పిల్లలకు నెట్టు లేకున్నా పనికొస్తది.

అన్ని ఒక్కరోజే చెయ్యాలని లేదు. కంప్యూటర్ కొనుడు వచ్చే నెల చూసుకోండ్రి. ఈ ఐతారం మాత్రం ఒక్క పని చెయ్యుండ్రి. సజ్జ మీద, బీరువా మీద, పాత ఫోన్లల్ల ఏమేం ఉన్నయో ఒక కాయితం మీద రాయుండ్రి. ఇంట్ల ముసలోళ్లుంటె ఎదురుంగ కూసోబెట్టి ఒక గంట మాట్లాడిచ్చి రికార్డు చేయుండ్రి. ఆ రాత్రికే దాన్ని ఇంకో దగ్గర కాపీ చెయ్యుండ్రి. నేను ఏడాది ఆగిన. మీరు ఆగకుండ్రి.