తొక్కల్లో దాగిన పరిమళం

జగిత్యాల జిల్లా మెట్‌పల్లి వైపు పసుపు కొమ్ములు ఉడకబెట్టే రోజుల్లో ఆ వాసన దూరం నుంచే తెలుస్తుంది. కొమ్ముల్లోని నూనెను ఆవిరి మోసుకు రావడమే అందుకు కారణం. ఈ సంగతిని మీ వంటింట్లోనే పరీక్షించవచ్చు.

పెద్దవాళ్లను దగ్గర ఉంచుకొని బత్తాయి, నిమ్మ తొక్కలు, ఏలకుల పొట్టు, చిన్న దాల్చినచెక్క ముక్క ఒక గిన్నెలో వేయండి. రెండు గ్లాసుల నీళ్లు పోసి సన్నని మంటపై ఉంచండి. కొద్దిసేపటికే ఇల్లు గుబాళిస్తుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. తొక్కల నూనెలో ముఖ్యమైనది లిమొనీన్. అది మరిగేది సుమారు 176 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్ద. నీళ్లు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కదా! మరి నూనె ఎలా బయటికి వచ్చింది?

ద్రవాలు మరగకముందే కొంత ఆవిరవుతూ ఉంటాయి. తడిబట్ట ఆరేది అలాగే. వేడి పెరిగితే నూనె ఆవిరీ పెరుగుతుంది. నీటి ఆవిరి దానిని వెంట తీసుకుపోతుంది. యూకలిప్టస్ ఆకుల నుంచి నూనె తీసేదీ ఈ సూత్రంతోనే.

అయితే ఒకటి మరవకండి. సువాసన గాలిని శుభ్రం చేయదు, దుర్వాసనను కప్పుతుంది, అంతే. కుళ్లిన చెత్త ఉంటే ముందు దాన్ని తీసేయండి. పొగ ఉంటే కిటికీ తెరవండి. గిన్నెలో నీళ్లు ఇగిరిపోకముందే పొయ్యి ఆర్పండి. లేకపోతే మిగిలేది మాడు వాసనే!