డబ్బా వెనక ఏం రాసుంది?

మిరపకోతలు మొదలయ్యాయంటే అద్దంకి చుట్టుపక్కల కూలికి వెళ్లే ఆడవాళ్లకు సాయంత్రానికి చేతులు భగభగ మండుతుంటాయి. ఎన్ని నీళ్లు పోసి కడిగినా మంట దిగదు. కాయకు కారాన్నిచ్చే కాప్సైసిన్ నీళ్లలో దాదాపుగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ముందు కొబ్బరినూనెతో చేతులు రుద్ది, పాతగుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బు పెట్టి కడుక్కోవాలి. పదార్థం గుణం తెలిస్తే విరుగుడు తెలుస్తుంది. ముఖానికి రాసుకునే క్రీము కొనేటప్పుడు కూడా అడగాల్సింది అదే: లోపల ఏముంది?

డబ్బా ముందు వైపు ఆ సంగతి చెప్పదు. అక్కడ కుంకుమపువ్వు, బాదంపప్పు బొమ్మలుంటాయి. పేరును బట్టి కూడా తెలియదు. 1975 నుంచి అమ్ముడవుతున్న ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. అసలు వివరం వెనక వైపు, సన్నటి అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంటుంది. ఒక శాతానికి మించి కలిపినవాటిని ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది మన దేశంలో నిబంధన. ఒక శాతం, అంతకు లోపు కలిపినవి ఆ తర్వాత ఏ వరుసలోనైనా ఉండొచ్చు. కలబంద పేరు సెంటు పేరు కంటే కింద కనిపిస్తే, అందులో కలబంద చిటికెడేనని అనుకోవచ్చు. 30 గ్రాముల లోపు క్రీముల మీద ఈ జాబితా లేకపోయినా చట్టం ఒప్పుకుంటుంది. పల్లెల్లో చేతికందేవి ఎక్కువగా ఆ చిన్న ట్యూబులే. వాటిలోనూ జాబితా వేసినవే కొనడం మంచిది.

సబ్బు మీద టీఎఫ్‌ఎం అని ఒక అంకె ఉంటుంది. అది కొవ్వు పదార్థం శాతం. 76, ఆపైన ఉంటే మొదటి గ్రేడు. ‘బాతింగ్ బార్’ అని రాసినదానికి 40 ఉన్నా చాలు.

ఖరీదైనదే పనిచేస్తుందనుకోవడం పొరపాటు. నల్లరేగడిలో తిరిగి పగిలిన మడమలకు యూరియా కలిసిన క్రీము చర్మాన్ని మెత్తబరుస్తుంది. రాత్రిపూట పెట్రోలియం జెల్లీ రాస్తే లోపలి తేమ బయటికి పోదు. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది. మూడూ చవకే.

మంగుమచ్చల దగ్గరే చాలామంది మోసపోతున్నారు. ఎండ తగిలేకొద్దీ ముదిరే మచ్చలవి. తలగుడ్డ మొదటి రక్షణ. సన్‌స్క్రీన్ కొంటే ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, పీఏ గుర్తు కూడా ఉన్నది, జింక్ ఆక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ కలిసినది చూసుకోవాలి. నాలుగైదు శాతం నియాసినమైడ్ ఉన్న క్రీము నెమ్మదిగా, నెలల మీద పనిచేస్తుంది. వారంలో తెల్లబరిచే క్రీమంటే అనుమానించాల్సిందే.

ఆ అనుమానానికి కారణం స్టెరాయిడ్లు. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లుంటే అది సౌందర్య సాధనం కాదు, మందు. మొదట్లో ముఖం నిగనిగలాడుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రటి సన్న నరాలు తేలి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. మానేస్తే మంట, ఎరుపు ఇంకా పెరిగి మళ్లీ అదే రాయాలనిపిస్తుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవాటిలో చేర్చింది. అయినా కౌంటరు దగ్గర నోటిమాటతో దొరుకుతూనే ఉన్నాయి. ఇది నిజంగా బాధపడాల్సిన విషయం. ట్యూబు మీద నిలువు ఎర్రగీత, ఆర్‌ఎక్స్ గుర్తు చూసి పక్కన పెట్టాలి. ఇప్పటికే ఏళ్లుగా వాడుతున్నవారు మాత్రం ఎలా మానాలో చర్మవైద్యుణ్ని అడిగే మానాలి.

తెల్లబరిచే కొన్ని క్రీముల్లో కలిపే పాదరసం అంతకంటే ప్రమాదం, ఎందుకంటే దాని పేరు జాబితాలో రాయరు, పైగా అది కిడ్నీలకు హాని చేస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని డాక్టర్లు పరిశీలించారు. వారిలో 15 మందికి ఆ జబ్బులోనే అరుదైన ఒక రకం తేలింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడటానికి క్రీములు రాసినవారే. ఆ వివరాలు 2024లో ‘కిడ్నీ ఇంటర్నేషనల్’ పత్రికలో వచ్చాయి. మన దేశంలో ముఖానికి రాసే క్రీముల్లో పాదరసం కలపడం నిషేధం. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు లేని డబ్బా ఎవరు ఏ ఊరినుంచి తెచ్చిచ్చినా ముఖానికి రాయకూడదు.

కొత్త క్రీము ఏదైనా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి, నాలుగైదు రోజులు వరసగా చూడాలి. దురద, దద్దు లేకపోతేనే ముఖానికి. అలాగే నుదుటి మీద స్టిక్కరు బొట్టు పెట్టుకునే చోట తెల్లమచ్చ మొదలైతే వెంటనే స్టిక్కర్లు మానేసి డాక్టరుకు చూపించాలి. కొన్ని జిగుర్లలో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ చర్మానికి రంగునిచ్చే కణాలనే దెబ్బతీస్తుంది. ఆ జిగురులో ఏం కలిపారో బొట్టుబిళ్లల అట్ట మీద సాధారణంగా కనిపించదు.