పిల్లల్ని శాశ్వతంగా ఎప్పుడు వేరుచేస్తారు? – అంటారియో చట్టం



"ఒక్క దెబ్బ వేస్తే పిల్లల్ని పట్టుకుపోతారట" అన్న మాట మన భోజనాల హాల్లో తరచూ వినిపిస్తుంది. ఆ మాటలో భయమే ఎక్కువ, వివరం తక్కువ. అందుకే ఇది రాస్తున్నాం.

అంటారియోలో అమల్లో ఉన్నది 2017 నాటి చైల్డ్, యూత్ అండ్ ఫ్యామిలీ సర్వీసెస్ యాక్ట్. చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ బిడ్డను ఇంటినుంచి తీసుకెళ్లి తన దగ్గరే ఉంచదలిస్తే, 5 రోజుల్లోగా కోర్టుకు రావాలి. బిడ్డకు రక్షణ అవసరమా, అవసరమైతే ఏ ఏర్పాటు మేలు అన్నది జడ్జి చూస్తారు. ఇది క్రిమినల్ కేసు కాదు. జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందని తేలితే చాలు. అంటే, తల్లిదండ్రుల్లో ఎవరికీ శిక్ష పడకపోయినా బిడ్డ ఇంటికి రాకపోవచ్చు.

సొసైటీ పర్యవేక్షణలో బిడ్డను ఇంట్లోనే ఉంచవచ్చు, కొంతకాలం సొసైటీకి అప్పగించవచ్చు. అన్నిటికన్నా కఠినమైనది 'ఎక్స్‌టెండెడ్ సొసైటీ కేర్'. పూర్వం దీన్ని క్రౌన్ వార్డ్‌షిప్ అనేవారు. ఆ ఉత్తర్వు వచ్చాక బిడ్డను చూడాలన్నా అది బిడ్డకు మేలని జడ్జి ఒప్పుకోవాలి. తల్లిదండ్రుల సమ్మతి లేకుండానే దత్తత ఇవ్వవచ్చు.

మనవాళ్లు గమనించనిది గడువు. 6 ఏళ్లలోపు బిడ్డ తాత్కాలికంగా సొసైటీ దగ్గర ఉండగలిగేది మొత్తం 12 నెలలు. ఆపై వయసుకు 24 నెలలు. జడ్జి మహా అయితే మరో 6 నెలలు పొడిగించగలరు. నలుగురికీ తెలిస్తే పరువేం కావాలని మథనపడుతూ కూర్చుంటే ఆ నెలలు తిరిగి రావు.

శాశ్వతంగా వేరుచేసేముందు బంధువులు, ఇరుగుపొరుగు, బిడ్డ సమాజంలోనివారు ఎవరైనా పెంచగలరా అని కోర్టు చూడాలి. బిడ్డ భాష, మతం, సంస్కృతి కూడా లెక్కలోకి వస్తాయి. కాబట్టి పిన్ని, బాబాయి, అమ్మమ్మ, కుటుంబ స్నేహితులు – ఎవరు ముందుకొస్తారో మొదటి వారంలోనే లాయరుకు చెప్పండి. స్తోమత లేకపోతే లీగల్ ఎయిడ్ అంటారియోను అడగండి. న్యాయమైన విచారణకు లాయరు తప్పనిసరైనప్పుడు ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలని న్యూ బ్రన్స్విక్ తల్లి ఒకరి కేసులో సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది.

ఇక ఆ దెబ్బ సంగతి. 2004లో సుప్రీంకోర్టు గీసిన గీత ఇది: 2 ఏళ్లలోపు పిల్లలనూ టీనేజి పిల్లలనూ కొట్టకూడదు, ఎవరినైనా బెల్టుతో, గరిటెతో కొట్టకూడదు, తలమీదా చెంపమీదా అసలు కొట్టకూడదు.

16 ఏళ్లలోపు బిడ్డకు హాని జరుగుతోందని అనుమానించడానికి తగిన కారణముంటే, ఎవరైనా సరే సొసైటీకి తెలపాలి. మతాధికారులు తమ విధుల్లో తెలిసిన విషయాన్ని తెలపకపోతే 5,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. అర్చకస్వామికి గుట్టుగా చెప్పినా అది ఆయన దగ్గరే ఉండిపోదు.