ఎవరూ వినని రెండవ ఆల్బమ్

గత రమజాన్ మాసంలో మా మదరసా విద్యార్థి ఒకడు నాత్ చదువుతుండగా అతని అన్న సెల్‌ఫోన్‌లో చిత్రీకరించి అందరికీ పంపాడు. పదమూడేళ్ళ ఆ బాలుని కంఠం మధురమైనది. నారాయణఖేడ్ నుండి బీదర్ వరకు, అక్కడి నుండి గల్ఫ్‌లోని బంధువుల వరకు ఆ వీడియో చేరింది. బజారులో అతనిని ఆపి సలాం చెప్పేవారు ఎక్కువయ్యారు. బక్రీద్‌కు రెండవ వీడియో వచ్చింది. దానిని చూసినవారు బహు స్వల్పం. ఆ తరువాత బాలుడు పాఠానికి రావడం మానివేశాడు. “మౌలానా సాబ్, బీదర్ నుండి కెమెరా వాళ్ళను పిలిపించి మూడోది బాగా తీయిస్తాను. అప్పటిదాకా వాణ్ణి ఏమీ అనకండి” అని అతని తండ్రి నన్ను కోరారు.

ఆ మాట విన్నప్పుడు నాకు లండన్‌కు చెందిన ఒక యువగాయకుని రెండవ ఆల్బమ్ సంగతి జ్ఞాపకం వచ్చింది.

స్టీవెన్ జార్జియో 1948లో లండన్‌లో జన్మించాడు. తండ్రి సైప్రస్‌కు చెందిన గ్రీకు వ్యక్తి, తల్లి స్వీడన్ దేశస్థురాలు. తల్లిదండ్రులు నడిపే హోటల్ పైఅంతస్తులోనే అతను పెరిగాడు. 1966లో, 18 ఏళ్ళ ప్రాయంలో, క్యాట్ స్టీవెన్స్ అనే పేరుతో తొలి పాట విడుదల చేశాడు. 1967 ఆరంభంలో ‘మాథ్యూ అండ్ సన్’ అనే పాట బ్రిటన్ అమ్మకాల పట్టికలో 2వ స్థానానికి చేరింది. అదే పేరుతో వచ్చిన తొలి ఆల్బమ్ కూడా మొదటి పదింటిలో నిలిచింది. కౌమార వయస్కులకు అతను ఆరాధ్యుడయ్యాడు. ఊరూరా కచేరీలు, టెలివిజన్ కార్యక్రమాలు, మద్యం, నిద్రలేని రాత్రులు అతని దినచర్యగా మారాయి. ఆ ఏడాది డిసెంబరులోనే ‘న్యూ మాస్టర్స్’ అనే రెండవ ఆల్బమ్ వెలువడింది. అది బ్రిటన్ పట్టికలోకి ఎక్కనేలేదు.

కొద్ది కాలానికే, 1968లో, అతనికి క్షయవ్యాధి సోకింది. కొన్ని మాసాలు ఆసుపత్రిలో గడిపాడు. పూర్తిగా కోలుకోవడానికి సుమారు ఒక సంవత్సరం పట్టింది. ఆ పడకమీదనే ‘ఈ దేహమేనా నేను? మరణానంతరం ఏమిటి?’ అనే ఆలోచన అతనిలో మొలకెత్తింది. లేచిన తరువాత 1970 నుండి అతనికి మునుపటికంటే పెద్ద కీర్తి లభించింది. అయినా ఆ ప్రశ్న మాత్రం అతనిని విడువలేదు. కొన్నేళ్ళకు అమెరికాలోని మాలిబూ సముద్రతీరంలో మునిగిపోబోతూ దైవాన్ని వేడుకుని బయటపడ్డాడు. ఆ తరువాత సోదరుడు డేవిడ్ అతనికి దివ్య ఖుర్ఆన్‌ను కానుకగా ఇచ్చాడు. 1977 డిసెంబరులో అతను ఇస్లాం స్వీకరించి యూసుఫ్ ఇస్లాం అయ్యాడు. తన వాద్యాలను వేలం వేసి ఆ సొమ్మును ధర్మకార్యాలకు ఇచ్చాడు. 1983లో లండన్‌లో ముస్లిం బాలబాలికల కొరకు పాఠశాల నెలకొల్పాడు. 1998లో దానికి బ్రిటన్ ప్రభుత్వ నిధులు మంజూరయ్యాయి. 2006లో ఆయన తిరిగి సంగీతం వైపు వచ్చారు. వాద్యాల విషయంలో ఉలమాల అభిప్రాయాలు వేరు వేరుగా ఉన్నాయి; ఆ చర్చ ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. ఎవరూ కొనని ఆ రెండవ ఆల్బమ్‌లో ‘ద ఫస్ట్ కట్ ఈజ్ ద డీపెస్ట్’ అనే పాట ఉన్నది. 1977లో రాడ్ స్టీవార్ట్ అనే గాయకుడు దానిని పాడగా అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. పదేళ్ళ క్రితం జనం పట్టించుకోని ఆల్బమ్‌లోని పాట అది. ఒక దినాన ఎందరు విన్నారన్న లెక్క ఆ దినపు లెక్క మాత్రమే; దానితో మనిషి విలువను తూచరాదు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతం మనకు తెలిసినదే. సోదరులు ఆయనను బావిలో పడవేశారు, వర్తకులు స్వల్ప మూల్యానికి అమ్మివేశారు. ఆ వెలనుబట్టి ఆయన విలువను ఎవరు నిర్ణయించగలరు? ఆ సూరా తన హృదయాన్ని కదిలించిందని యూసుఫ్ ఇస్లాం స్వయంగా చెప్పారు.

అయితే ఓటమి తనంతట తాను ఎవరినీ సన్మార్గానికి చేర్చదు. అది ఆలోచించుకునేందుకు కొంత వ్యవధిని మాత్రమే ఇస్తుంది. ఆసుపత్రిలో ఆ యువకునికి అటువంటి వ్యవధి దొరికింది. మనమో, మన పిల్లలకు ఆ వ్యవధి కూడా ఇవ్వకుండా మూడవ వీడియోకు తొందరపడుతున్నాము.

ఇక్కడ నా దోషాన్నీ ఒప్పుకోవాలి. మదరసాకు అతిథులు వచ్చినప్పుడల్లా ఆ మొదటి వీడియోను చూపించినవాడిని నేనే. ఎందరు చూశారో సంతోషంగా చెప్పినవాడినీ నేనే. దైవప్రవక్త (స) పట్ల ప్రేమతో చదవవలసిన నాత్‌ను అంకెలతో కొలవడం ఆ బాలునికి నేర్పినవారిలో అతని గురువు కూడా ఉన్నాడు.

మరునాడు అస్ర్ నమాజు తరువాత వారి ఇంటికి వెళ్ళాను. కెమెరా ఆలోచనను కొంతకాలం ఆపమని తండ్రిని అర్థించాను. “తప్పు నీది కాదు బేటా, మాది” అని బాలునితో చెప్పాను. అతను తల వంచుకుని, “ఉస్తాద్, అందరూ నవ్వుతారేమో” అన్నాడు. చాలాసేపు అతని పక్కనే కూర్చున్నాను. మూడు రోజుల తరువాత అతను పాఠానికి వచ్చాడు. ఇంతవరకు నాత్ చదవలేదు. నేనూ అడగలేదు.

తల్లిదండ్రులారా! మీ పిల్లవాడు పరీక్షలోనో, పోటీలోనో వెనుకబడిన దినాన మరో ప్రయత్నం గురించి వెంటనే మాట్లాడకండి. ముందుగా అతని పక్కన కూర్చోండి. అల్లాహ్ మన సంతానానికి గెలుపులో వినయాన్ని, ఓటమిలో సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.