కంచెకు అవతల మనోళ్లు: అపోహలు – వాస్తవాలు

‘కంచె’ సినిమా 2015 దసరా రోజున, అక్టోబర్ 22న వచ్చింది. అప్పటికి మూడు నెలల కిందటే వచ్చిన ‘బాహుబలి’ మత్తు ఇంకా ఎవరికీ దిగలేదు. అందుకే థియేటర్‌లో చూసినవాళ్ల కంటే తర్వాత టీవీలో, ఫోన్‌లో చూసినవాళ్లే ఎక్కువ. సిరిసిల్ల దిక్కు ఎల్లంతకుంటలో హోటల్ బల్ల మీద చాయ్ గ్లాసుల నడుమ ఇప్పటికీ దాని ముచ్చట వస్తుంటుంది. ముచ్చటతో పాటే తీర్పులూ వస్తాయి. ‘ప్రేమకథ నిజమే అనిపిస్తది గని, ఆ ఇటలీ యుద్ధం మాత్రం ఉత్త కట్టుకథ’ అంటారు. నా లెక్కలో వ్యవహారం సరిగ్గా తలకిందులు. ప్రేమకథ రాసుకున్నది, యుద్ధం జరిగింది.

అపోహ: ‘ఏడి ఇటలీ, ఏడి మనం? మనోళ్లు ఆడికెందుకు పోతరే!’

పోయారు, వేలల్లో పోయారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు రెండు లక్షల చిల్లర ఉన్న బ్రిటిష్ ఇండియన్ సైన్యం, ముగిసేనాటికి 25 లక్షలకు చేరింది. ఎవరినీ చట్టం పెట్టి లాక్కుపోలేదు. జీతానికి, తిండికి, పరువుకు, కొందరు ఇంట్లో గొడవపడి, తమంతట తామే చేరారు. ఆ సైన్యంలో 4, 8, 10 నంబర్ల డివిజన్లు మూడూ ఇటలీలో పోరాడాయి. 1943 చివర్లో సాంగ్రో నది దగ్గర, 1944 ఫిబ్రవరిలో మోంటే కాసినో కొండ కింద ముందు వరసలో ఉన్నవాటిలో ఇవీ ఉన్నాయి. ఆ దేశంలో చనిపోయిన భారత సైనికులు 5,700 మందికి పైనే. నిప్పుకు అప్పగించిన హిందూ, సిక్కు సైనికుల పేర్లు చెక్కిన స్మారకాలు ఇటలీలో మూడు ఉన్నాయి. ఒక్క సాంగ్రో నది స్మశానంలోని స్మారకం మీదే 500కు పైగా పేర్లున్నాయి.

మన పక్క రాష్ట్రం మరాఠా యువకుడు యశ్వంత్ ఘాడ్గే 1944 జూలై 10న ఎగువ టైబర్ లోయలో మెషిన్ గన్ మీదికి ఒంటరిగా ఉరికి ప్రాణం విడిచాడు. చనిపోయాక విక్టోరియా క్రాస్ ఇచ్చారు. 2023 జూలైలో మోంటోనే అనే ఊళ్లో ఆయన పేరిట ఒక స్మారకం వెలిసింది. ఇటలీవాళ్లు గుర్తుపెట్టుకున్నారు, కట్టుకథ అంటున్నది మనమే.

మరి తెలుగువాళ్లు? ఇక్కడ సినిమాను కొంచెం తప్పుపట్టాలి. అందులో సైనికులు తమలో తాము తెలుగులోనే మాట్లాడుకుంటారు. ఆ కాలపు పటాలాల్లో ఉమ్మడి భాష హిందుస్తానీ. దాన్ని రోమన్ అక్షరాల్లో రాయడం కూడా నేర్పేవారు. పైగా కులాన్ని, ప్రాంతాన్ని బట్టి కంపెనీలు కట్టే పద్ధతి. తెలుగువాళ్లు యుద్ధానికి పనికొచ్చే జాతి కాదని తెల్లదొరలు తీర్మానించి, మద్రాసు కాల్బలాన్ని 1920ల నాటికి దాదాపు ఊడ్చేశారు. మళ్లీ రెండో యుద్ధం నెత్తిన పడ్డాకే మద్రాస్ రెజిమెంట్‌ను లేపారు. నడుమ ఆగకుండా నిలబడ్డది మద్రాస్ సాపర్స్. తెలుగు, తమిళ, మలయాళీ, కన్నడ యువకులు కలిసి ఉండే దళం అది. వంతెన కట్టడం, రోడ్డు వేయడం, మందుపాతర తవ్వడం వాళ్ల పని. 4వ డివిజన్‌తో పాటు మద్రాస్ సాపర్స్ కంపెనీలు ఇటలీలో ఉన్నాయి. 1944 ఫిబ్రవరి 24న మిన్యానో దగ్గర మందుపాతర మీద తానే పడి తోటివాళ్లను కాపాడిన సుబేదార్ సుబ్రమణియన్ ఆ దళంవాడే, తమిళుడు. ఆయనకు జార్జి క్రాస్ దక్కింది. ఇటలీలో తెలుగు సైనికుడి కథ వెతకాలంటే తుపాకీ పట్టినవాడి కన్నా పార పట్టినవాడి దగ్గర వెతకడం మేలు. దర్శకుడు క్రిష్ ఆ దారి పట్టి ఉంటే సినిమా ఇంకా గట్టిగా ఉండేదని నా అభిప్రాయం. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ‘మిలటరీ మాధవరం’ అని పిలిచేది ఊరికే కాదు. ఆ ఒక్క ఊరి నుంచే రెండో యుద్ధానికి వెయ్యి మందికి పైగా పోయారని అక్కడివాళ్లు లెక్క చెప్తారు.

అపోహ: ‘హైదరాబాద్ రెజిమెంట్ అంటే నిజాం ఫౌజు. అండ్ల ఉన్నదంతా మన తెలంగాణోళ్లే.’

పేరు చూసి మోసపోయే విషయం ఇది. 19వ హైదరాబాద్ రెజిమెంట్ మూలాలు నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారులు నడిపిన పాత దళాల్లో ఉన్నమాట నిజమే. కానీ రెండో యుద్ధం నాటికి అందులో ఎక్కువగా ఉన్నది కుమావూ కొండల వాళ్లు, జాట్లు, అహీర్లు. అందుకే 1945 అక్టోబర్‌లో దాని పేరే కుమావూ రెజిమెంట్ అని మార్చారు. ఆ రెజిమెంట్ నుంచి వచ్చిన కొడగు వీరుడు తిమ్మయ్య, ఆ యుద్ధంలో రణరంగం మీద బ్రిగేడ్‌ను నడిపిన భారతీయుడిగా నిలిచాడు. ‘కంచె’లో హీరో హరిబాబు మీద హీరోయిన్ అన్న ఈశ్వర్ పై అధికారిగా పెత్తనం చేస్తాడు కదా, 1944లో భారతీయుడు అంత ఎత్తుకు చేరడం ఉన్నది గానీ, చాలా అరుదు.

నిజాం సొంత ఫౌజు వేరే. ఎల్లంతకుంట అప్పుడు నిజాం ఇలాకా. ఆ రాజ్యపు 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ 1941 డిసెంబర్‌లో మలయాలోని కోటబారు విమానాశ్రయానికి కాపలాగా ఉంది. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడడానికి గంటకు పైగా ముందే జపాన్ సైన్యం దిగింది అక్కడే. పసిఫిక్ యుద్ధం మొదలైన తీరంలో హైదరాబాద్ సంస్థానం పటాలం ఉందన్నమాట. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో నాకెక్కడా కనపడలేదు.

అపోహ: ‘ఆ యుద్ధం మన గడ్డకు రానేలేదు.’

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖ మ్యూజియంలో ఉన్న అప్పటి బాంబును చూసినప్పుడే ఈ కథకు విత్తనం పడిందని క్రిష్ చెప్పారు.

అపోహ: ‘శత్రువు ఇలాకాల చిక్కినోడు తుపాకీ బలంతోనే బతికి బయటపడతడు.’

యుద్ధ సినిమాలు మనకు నేర్పిన పెద్ద అబద్ధం ఇది. ‘కంచె’లో జర్మన్ల చేతికి చిక్కకుండా మిగిలిన కొద్దిమంది, పట్టుబడ్డవాళ్ల కోసం వెనక్కి వెళ్తారు. తుపాకులు మోగుతూనే ఉంటాయి. అసలు చరిత్రలో దారి తప్పిన సైనికుడు చేసిన మొదటి పని మోత లేకుండా ఉండడం, రెండోది రొట్టె సంపాదించడం.

1943 సెప్టెంబర్ 8న ఇటలీ లొంగిపోయినట్టు ప్రకటన వచ్చింది. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడి ఇటలీ శిబిరాల్లో ఉన్న వేలాది ఖైదీలు, వాళ్లలో అవెజ్జానో శిబిరంలోని భారతీయులు కూడా, కంచె దాటే అవకాశం చూసుకున్నారు. జర్మన్లు వచ్చి మళ్లీ పట్టుకునే లోపల కొందరు అబ్రుజ్జో కొండలెక్కారు. గోధుమ రంగు ఒళ్లు, రాని భాష. మారువేషం వేసుకుందామన్నా ఎట్లా కుదురుతుంది? పేద రైతులు గొర్రెల కొట్టాల్లో దాచారు, తమకే చాలని తిండిలో వాటా పెట్టారు. ఖైదీని దాచినవాడికి మరణశిక్ష అని జర్మన్లు గోడల మీద కాగితాలు అంటించిన రోజులవి. తర్వాత మన సైన్యాధిపతి అయిన పి.పి. కుమారమంగళం, 1971లో పాకిస్తాన్ అధ్యక్షుడిగా మనతో యుద్ధం చేసిన యాహ్యా ఖాన్, ఇద్దరూ ఇటలీలో బందీలుగా ఉండి పారిపోయినవాళ్లే. కుమారమంగళం మళ్లీ దొరికిపోయి జర్మనీ శిబిరానికి చేరాడు.

ఇంకా పెద్ద కథ ఫ్రాన్స్‌ది. ఎపినాల్ పట్నంలోని శిబిరంలో భారత ఖైదీలు మూడు వేల దాకా ఉండేవారు. 1944 మే 11న అమెరికా విమానాలు గురి తప్పో, తెలియకో ఆ శిబిరం మీదే బాంబులు వేశాయి. గోడలు కూలాయి, చాలామంది చచ్చిపోయారు. మిగిలినవాళ్లు అడవి పట్టారు. స్విట్జర్లాండ్ సరిహద్దు వంద కిలోమీటర్ల దూరం. పగలు పొదల్లో పడుకొని, రాత్రి నడిచి, ఊరూరా ఫ్రెంచి రైతులు పెట్టింది తిని, దాదాపు 500 మంది సరిహద్దు దాటారు. ఆ యుద్ధంలో ఇంతమంది ఖైదీలు ఒక్కసారి తప్పించుకొని గమ్యం చేరిన ఘటన మరొకటి వెతకడం కష్టం. దీని మీద ఇంతవరకు ఒక్క తెలుగు దర్శకుడి కన్నూ పడలేదు! తుపాకులు లేవు, ట్యాంకులు లేవు, అడవి, రాత్రి, ఆకలి. ఖర్చు కూడా తక్కువే.

మా హైదరాబాద్ మనిషి ఒకాయన కూడా ఈ వరసలో ఉన్నాడు. ఆబిద్ హసన్, జర్మనీలో ఇంజనీరింగ్ చదవడానికి పోయి సుభాష్ చంద్రబోస్‌కు కార్యదర్శి అయ్యాడు. 1943 ఫిబ్రవరిలో బోస్‌తో పాటు జర్మన్ జలాంతర్గామి యు-180 ఎక్కి, బ్రిటిష్ నౌకలు తిరిగే అట్లాంటిక్ గుండా ఆఫ్రికా చుట్టి, ఏప్రిల్ చివర మడగాస్కర్ దగ్గర నడి సముద్రంలో జపాన్ జలాంతర్గామిలోకి మారి, మే నెలలో సుమత్రా చేరాడు. ‘జై హింద్’ నినాదాన్ని ఆయనకే ఆపాదిస్తారు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కున ఈ రకం అనుభవం సైనికులది కాదు, గల్ఫ్‌కు పోయిన కూలీలది. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను మింగినప్పుడు అక్కడ చిక్కిన భారతీయులు ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానాలెక్కారు. అట్లా లక్ష మందికి పైగా ఇల్లు చేరారు. వాళ్లను బతికించింది చేతిలో ఉన్న కాగితం, బస్సు, నీళ్ల డబ్బా.

అపోహ: ‘యుద్ధం సినిమా అంటే వంద కోట్లు ఉండాలె.’

‘కంచె’కు అయిన ఖర్చు దాదాపు 20 కోట్లని, 55 పనిదినాల్లో ముగించారని అప్పట్లో చెప్పారు. ‘బాహుబలి’ మొదటి భాగం ఖర్చుతో ఇలాంటివి ఎన్ని తీయొచ్చో మీరే లెక్కేసుకోండి. ఇటలీ అని మనం చూసినదంతా ఇటలీ కాదు, జార్జియా దేశం. అక్కడ కొండలున్నాయి, పాత ఊళ్లున్నాయి, ఖర్చు తక్కువ. జ్ఞానశేఖర్ కెమెరా రెండు సైన్యాలను ఎదురెదురుగా చూపించాలని ఆరాటపడలేదు. పొగ, చెట్లు, ఇరుకు సందులు, దగ్గరి ముఖాలు. దారి తప్పిన గుంపు కథకు చిన్న బడ్జెట్ అడ్డం రాదు. వాళ్లకు కూడా కనిపించేది పది గజాలే కదా. సినిమాకు ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. వసూళ్లు మాత్రం ఆ మోతాదులో రాలేదు.

చిన్నచిన్న సినిమా అబద్ధాలను ఒక్క గుక్కలో చెప్పేస్తా. గ్రెనేడ్ పిన్నును పళ్లతో లాగితే ఊడేది పిన్ను కాదు, పళ్లు. గ్రెనేడ్ పేలితే నల్ల పొగ, దుమ్ము, ఇనప ముక్కలు లేస్తాయి. ఎర్రటి మంటల గుండు పెట్రోల్ పోసి తీసింది. సైలెన్సర్ తొడిగితే తుపాకీ మోత తగ్గుతుంది గానీ పిల్లి అడుగుల చప్పుడంత కాదు. కారు తలుపు చాటున దాక్కుంటే రైఫిల్ గుండు ఆగదు.

అపోహ: ‘ఘాజీల చూపించిందే జరిగింది.’

సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’ 2017 ఫిబ్రవరి 17న వచ్చింది. అదీ తక్కువ ఖర్చు సినిమానే, అదీ జాతీయ అవార్డు తెచ్చుకుంది. అందులో మన జలాంతర్గామి, పాకిస్తాన్ జలాంతర్గామి నీళ్ల కింద ఎదురుబదురు పోరాడతాయి. ఆ పోరు కల్పన. ఘాజీ, ఒకప్పటి అమెరికా జలాంతర్గామి డయాబ్లో, మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ విశాఖ తీరానికి వచ్చి 1971 డిసెంబర్ 3–4 రాత్రి మునిగిపోయింది. లోపల ఉన్నవాళ్లలో ఒక్కరూ బతకలేదు. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక వేసిన డెప్త్ చార్జీలే ముంచాయని మన నౌకాదళం మాట, లోపలే ఏదో పేలిందనో, తాను పరచిన మందుపాతరే తగిలిందనో పాకిస్తాన్ మాట. వైజాగ్ బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామిని చూసి ‘ఘాజీని ముంచింది ఇదే’ అని పిల్లలకు చెప్పే తండ్రులున్నారు. కాదు.

అపోహ: ‘మిలటరీ డ్రెస్ వేస్తే పోలీసోళ్లు జైల్ల ఏస్తరు, మనమేం తీస్తం?’

జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో ‘మై విలేజ్ షో’ వాళ్లు ఊరిమనుషులతోనే, ఊరి ఇండ్లలోనే వీడియోలు తీసి గంగవ్వను రాష్ట్రమంతా తెలిసేలా చేశాక, ప్రతి మండలంలో ఫోన్ కెమెరా దర్శకులు పుట్టారు. వాళ్లలో ఎవరైనా సైనికుల షార్ట్ ఫిల్మ్ అనగానే ముందు వచ్చే భయం ఇదే. చట్టం చెప్పేది వేరు. భారతీయ న్యాయ సంహితలో 168వ సెక్షన్, పాత శిక్షాస్మృతిలో 140వది. సైనికుడు కానివాడు తనను సైనికుడని జనం నమ్మాలనే ఉద్దేశంతో ఆ దుస్తులు వేస్తే నేరం, మూడు నెలల దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ. షూటింగ్‌లో నటుడికి ఆ ఉద్దేశం ఉండదు. అయితే ప్యాకప్ అయ్యాక అదే డ్రెస్‌తో బండెక్కి సిరిసిల్ల బజారులో తిరిగితే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. షూటింగ్ సంగతి ముందే ఠాణాలో ఒక కాగితం రాసిచ్చి, బొమ్మ తుపాకులని చెప్పి పెట్టుకుంటే సగం తలనొప్పి పోతుంది. ఇక సినిమాలు, వెబ్ సిరీస్‌లు సైన్యం మీద తీస్తే ప్రదర్శనకు ముందు తమ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలని రక్షణ శాఖ 2020 జూలైలో సెన్సార్ బోర్డుకు, సంబంధిత శాఖలకు రాసింది. ఆ లేఖ వచ్చింది ఇప్పటి సైన్యాన్ని తప్పుగా చూపిస్తున్నారన్న ఫిర్యాదుల మీద. మీరు ఎపినాల్ కథ తీస్తే, ఆ ఖైదీలు వేసుకున్నది 1944 నాటి బ్రిటిష్ ఇండియన్ ఖాకీ. అది ఇవాళ్టి ఏ పటాలానిదీ కాదు, సిరిసిల్లలో ఏ దర్జీ అయినా కుట్టి ఇస్తాడు.